ఎగుడుదిగుడు దారులలో రెండు చక్రాలు

దూరపు కొండలు నునుపు అని తెలుగువారి సామెత. ఆ నునుపు ఏపాటిదో దగ్గరకు పోయినవానికే తెలుస్తుంది. కాలినడకన పోయేవానికి కొంత తెలుస్తుంది. సైకిలుమీద పోయేవానికి మరింత తెలుస్తుంది. నడిచేవాడు తన అడుగు ఎక్కడ వేయవలెనో ఎన్నుకొనగలడు. చక్రానికి అట్టి స్వేచ్ఛ లేదు. దారిలోని ప్రతి రాతిని, ప్రతి చెట్టువేరును, ప్రతి గుంటను తాకుతూ పోవడమే దానికి విధి. చదునైన బాట కొరకు పుట్టిన ఆ వాహనాన్ని కొండమీదికి తీసికొని పోవలెనన్న కోరిక మనుష్యునికి ఎందుకు కలిగినదో చెప్పడం కష్టం. కాని కలిగినది, కలిగి, అర్ధశతాబ్ది తిరగకుండానే దేశదేశాలకు వ్యాపించినది.

ఈ క్రీడకు మౌంటెన్ బైకింగ్ అని పేరు. పేరు ఒకటే అయినా దీనిలోని శైలులు అనేకం. క్రాస్ కంట్రీ, డౌన్‌హిల్, ఫ్రీరైడ్, ట్రయల్స్, డర్ట్ జంప్, ఎండ్యూరో అని వీటిని వ్యవహరిస్తారు. పైపైన చూచేవారికి ఇవి సైకిళ్ళ బరువులోను, ధరలోను, తలకు పెట్టుకొనే టోపీలోను కనిపించే భేదాలుగా తోచవచ్చును. కొంచెము లోతుగా పరిశీలిస్తే అసలు భేదం మరొకచోట ఉన్నట్లు బోధపడుతుంది. కొండ ఎక్కడం ఒక పని. దిగడం మరొక పని. ఆ రెండింటికి ఉండవలసిన సంబంధం ఏమిటి అన్న ప్రశ్నకు ఒక్కొక్క శైలి ఒక్కొక్క సమాధానం చెబుతున్నది. ఈ క్రీడ చరిత్ర అంతా ఆ రెండు పనులు కలిసిన కథ, విడిపోయిన కథ, తిరిగి కలియడానికి ప్రయత్నించిన కథ.

పుట్టుక

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరంగా, గోల్డెన్ గేట్ వంతెన దాటగానే మారిన్ కౌంటీ ఉన్నది. టమాల్పైస్ పర్వతం అక్కడిదే. 1970 తరువాత కొన్ని ఏండ్లకు ఆ ప్రాంతపు యువకులు కొందరు ఒక వింత వినోదానికి అలవాటు పడినారు. 1930లలోను, 1940లలోను పిల్లలు ఎక్కి తిరిగిన ష్విన్ కంపెనీవారి లావు టైర్ల సైకిళ్ళను పాతసామానుల దుకాణాలనుండి కొని తెచ్చేవారు. మడ్‌గార్డులు మొదలైన అలంకారాలు ఊడదీసి, ఆ బరువైన ఇనుప సైకిళ్ళమీద కొండలలోని మట్టిబాటల వెంట కిందికి దిగేవారు. వాటికి గేర్లు లేవు. చేతి బ్రేకులు లేవు. పెడలు వెనుకకు తొక్కితే వెనుక చక్రపు ఇరుసులో బ్రేకు పడేది, అంతే.

ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరికి సమీపాన, పైన్ పర్వతం పక్కనుండి ఒక బాట రెండు మైళ్ళ దూరంలో సుమారు 1300 అడుగులు కిందికి దిగుతుంది. ఆ బాట అడుగుకు చేరేసరికి బ్రేకు ఇరుసులోని గ్రీజు వేడికి కాలి పొగలు చిమ్మేది. ఇల్లు చేరిన తరువాత ఆ ఇరుసును విప్పి కొత్త గ్రీజు కూరవలసి వచ్చేది. కూరడాన్ని సూచించే ఇంగ్లీషు మాటే ఆ బాటకు పేరైనది: రీప్యాక్. 1976 అక్టోబరు 21వ తేదీన అక్కడ మొదటి పందెం జరిగినది. ఆనాడు గెలిచిన అలన్ బాండ్స్ వేగంచేత గెలిచినాడని చెప్పడంకంటె, కింద పడకుండా వచ్చినవాడు అతడొక్కడే కాబట్టి గెలిచినాడని చెప్పడం న్యాయం. తరువాతి పందెములలో గ్యారీ ఫిషర్ ఆ బాటను 4 నిమిషాల 22 సెకన్లలో దిగి రికార్డు నెలకొల్పినాడు. రెండు సెకన్లు వెనుకబడినవాడు జో బ్రీజ్. నిర్వాహకుడై కాలం లెక్క చూచినవాడు చార్లీ కెల్లీ. ఈ మూడు పేర్లు ఆ క్రీడాచరిత్రలో మొదటి పుటలో నిలిచిపోయినవి.

పైనుండి దిగడం సరే, పైకి ఎట్లా చేరేవారు? కొందరు సైకిలు తోసుకొంటూ, కొందరు ట్రక్కులలో వేసికొని. ఈ విషయం చిన్నదిగా కనిపించినా గమనింపదగినది. ఈ క్రీడ మొదట పుట్టినది దిగడంలోనే. ఎక్కడం ఆనాటికి దిగడానికి చెల్లించవలసిన సుంకం వంటిది.

కాని ఆ యువకులలో చాలమంది రోడ్డు పందెములలో ఆరితేరినవారు. తొక్కవలసిన సైకిలును తోయడం వారికి నామోషీ. 1974 డిసెంబరులో మిల్ వ్యాలీలో జరిగిన ఒక పందేనికి కూపర్టినో నుండి వచ్చిన కొందరు తమ లావు టైర్ల సైకిళ్ళకు గేర్లు బిగించుకొని వచ్చినారు. ఆ ఊహ మారిన్ యువకులకు నచ్చినది. ఫిషర్ తన పాత సైకిలుకు గేర్లు అమర్చినాడు. జో బ్రీజ్ పాత చట్రాలతో తృప్తి పడక, కొండదారి కొరకే ఉద్దేశించిన కొత్త చట్రాన్ని 1977లో స్వయంగా తయారు చేసినాడు. ఆ మొదటి సైకిలు నేడు వాషింగ్టన్‌లోని జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నది. కొలరాడో రాష్ట్రంలో క్రెస్టెడ్ బ్యూట్ అనే గనుల ఊరివారు అదే 1976లో ఇట్టి సైకిళ్ళతోనే 12,700 అడుగుల ఎత్తున ఉన్న పెర్ల్ కనుమ దాటి ఆస్పెన్ చేరినారు. 1978లో కాలిఫోర్నియా బృందం పోయి వారితో కలిసినది. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి మౌంటెన్‌బైక్స్ అనే పేరుతో వ్యాపారం పెట్టినారు. వారికి చట్రాలు చేసి ఇచ్చినవాడు టామ్ రిచీ. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీవారి స్టంప్‌జంపర్ జపానులోని కర్మాగారంలో తయారై బజారుకు వచ్చినది. అంతతో ఇది పదిమంది మిత్రుల వినోదం కాక, డబ్బిచ్చి కొనుక్కొన్న ప్రతివాని క్రీడ అయినది.

ఇట్లు గేరు వచ్చిన తరువాత ఎక్కడమూ దిగడమూ ఒకే సైకిలుమీద, ఒకే మనిషి చేత, ఒకే పూట సాగినవి. ఈ క్రీడకు అది సమష్టికుటుంబపు కాలం అనవచ్చును.

విభాగాలు

సమష్టికుటుంబం చీలిపోవడానికి పందెములు కారణమైనవి. 1990లో కొలరాడోలోని డురాంగోలో మొదటి ప్రపంచ పోటీలు జరిగినవి. ఎక్కుతూ దిగుతూ పోయే క్రాస్ కంట్రీ పందెంలో నెడ్ ఓవరెండ్, దిగడమే ప్రధానమైన డౌన్‌హిల్ పందెంలో గ్రెగ్ హెర్బోల్డ్ విజేతలు. ఆ కాలంలో రెండింటిలోను ప్రావీణ్యం చూపినవారు లేకపోలేదు. అమెరికావాడైన జాన్ టోమాక్ 1991లో ఇటలీలో జరిగిన ప్రపంచ పోటీలలో క్రాస్ కంట్రీ బిరుదు గెలిచి, డౌన్‌హిల్‌లో రెండవ స్థానం సంపాదించినాడు. అటువంటి సవ్యసాచిత్వం తరువాతి తరములలో దుర్లభమైపోయినది. కారణం మనుష్యులలో శక్తి తగ్గడం కాదు. యంత్రంలోనే ఒక వైరుధ్యం ఉన్నది.

కొండ ఎక్కేటప్పుడు శరీరం ముందుకు వంగవలెను. లేకపోతే ముందు చక్రం నేలనుండి లేచిపోతుంది. మరీ వంగితే వెనుక చక్రంమీద బరువు తగ్గి అది ఉన్నచోటనే జారి తిరుగుతుంది. ఈ రెండింటి నడుమ నిలుకడ చూచుకొంటూ తొక్కవలెను. అప్పుడు సైకిలు తేలికగా ఉండడం మేలు. సీటు ఎత్తుగా ఉండడం మేలు. ముందు ఫోర్కు కొంత నిలువుగా ఉంటే హ్యాండిలు చెప్పినట్లు వింటుంది. దిగేటప్పుడు ఇవన్నియు తలకిందులవుతవి. శరీరం వెనుకకు జరగవలెను. సీటు అడ్డు రాకూడదు. ఫోర్కు ముందుకు వాలి ఉంటే గాని నిట్టనిలువు వాలులో మనిషి హ్యాండిలు మీదుగా బోర్లపడకుండా ఉండడు. రాళ్ళ దెబ్బలను మింగడానికి పెద్ద షాక్ అబ్సార్బర్లు కావలెను. వాటితో బరువు పెరుగుతుంది. పైకి పోవడానికి ఏది సుగుణమో కిందికి రావడానికి అదే దోషం. ఒకదానిలో సంపూర్ణత్వం కోరినవాడు రెండవదానిని విడువక తప్పలేదు.

క్రాస్ కంట్రీ

ఆ విభజనలో పూర్వపు సంబంధాన్ని ఎక్కువగా నిలుపుకొన్నది క్రాస్ కంట్రీ. ఇందులో సైకిలు బరువు పది కిలోల దరిదాపులలో ఉంటుంది. షాక్ అబ్సార్బర్ల కదలిక 100 నుండి 120 మిల్లీమీటర్లు. అందరూ ఒకేసారి బయలుదేరి, మెట్టపల్లాల చుట్టుదారిని పలుమార్లు తిరిగి వస్తారు. ఊపిరి ఉన్నవానిది ఎక్కుడు. చేవ ఉన్నవానిది దిగుడు. రెండూ ఉన్నవానిది పందెం. స్విట్జర్లండుకు చెందిన నీనో షూర్టర్ 2009 నుండి 2022 వరకు పదిమార్లు ఈ విభాగంలో ప్రపంచ విజేత అయినాడు.

ఒలింపిక్ క్రీడలవారు 1996లో అట్లాంటాలో మౌంటెన్ బైకింగుకు చోటిచ్చినప్పుడు ఎన్నుకొన్నది ఈ శైలినే. నాటి విజేతలు హాలండు దేశస్థుడు బార్ట్ బ్రెంట్‌యెన్స్, ఇటలీ వనిత పావొలా పెజో. అప్పుడు పురుషుల పందెం రెండు గంటలకు మించి సాగినది. నేడు గంటన్నర లోపుననే ముగుస్తుంది. దారి పొట్టిదైనది గాని కఠినమైనది. 2024లో పారిస్ ఒలింపిక్స్ కొరకు ఎన్నుకొన్న ఎలాంకూర్ గుట్ట ప్రకృతి ఇచ్చినది కాదు. ఒకనాటి రాతిగనిమీద చెత్త పోయగా పోయగా లేచినది. ఎత్తు 231 మీటర్లు మాత్రమే. అంత చిన్న గుట్టమీదనే ఇంగ్లండు యువకుడు టామ్ పిడ్‌కాక్ నడిదారిలో టైరు గాలి పోయి, చాల దూరం వెనుకబడి, ఒక్కొక్కరిని దాటుకొంటూ వచ్చి, చివరి చుట్టులో ఒక చెట్టుకు చెరొక పక్కనుండి దూసికొనిపోయిన ఫ్రెంచి పోటీదారు విక్టర్ కొరెట్స్కీని మించి స్వర్ణపతకం గెలిచినాడు. కొండ గొప్పతనం దాని ఎత్తులో మాత్రమే లేదని ఆ పందెం చూచినవారు ఒప్పుకొంటారు.

ఈ శైలికే దీర్ఘరూపం మారథాన్. దక్షిణాఫ్రికాలో 2004 నుండి జరుగుతున్న కేప్ ఎపిక్ అనే ఎనిమిదిరోజుల పందెంలో ఇద్దరిద్దరు జట్టుగా పోవలెను. ఇద్దరి నడుమ ఎడం రెండు నిమిషాలకు మించితే జట్టుకు శిక్ష పడుతుంది. బలవంతుడు బలహీనునికొరకు ఆగక తప్పదు. వేగానికి ఇట్టి ధర్మం విధించిన పందెములు అరుదు.

డౌన్‌హిల్

డౌన్‌హిల్ వారి సిద్ధాంతం వేరు. కొండ ఉన్నది దిగడానికే అని వారు అంటారు. రీప్యాక్ నాటి మూలాన్ని విడువకుండా పట్టుకొన్నవారు తామేనని వారి భావం. ఆ మాటలో అసత్యం లేదు. పైకి పోవడానికి తీగలమీద నడిచే కుర్చీలు, బోనులు ఉన్నవి. శీతకాలంలో మంచుమీద జారే క్రీడాకారుల కొరకు కట్టిన ఆ సాధనాలు వేసవిలో వీరికి అక్కరకు వచ్చినవి. సైకిలు పదహారు కిలోల పైమాట. షాక్ అబ్సార్బర్ల కదలిక 200 మిల్లీమీటర్లు. శిరస్త్రాణం ముఖాన్ని కూడ కప్పుతుంది. ఒక్కొక్కరు ఒంటరిగా బయలుదేరుతారు. పందెం కాలం రెండు మూడు నిమిషాలు, మహా అయితే అయిదు. ఆ కొద్దిసేపటిలో ఒక్క తప్పటడుగు పడినా సంవత్సరపు శ్రమ మట్టిపాలవుతుంది.

ఈ శైలిలో మనిషి కాళ్ళకంటె కొండ లాగే బలమే ముఖ్యమని నిరూపించిన ఒక ఉదంతం ఉన్నది. 2015లో ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో జరిగిన ప్రపంచకప్ పందెంలో అమెరికావాడైన ఆరన్ గ్విన్ బయలుదేరుతుండగానే అతని సైకిలు చైను తెగిపోయినది. ఇక తొక్కడమన్న ప్రశ్న లేదు. అయినా అతడు ఆగలేదు. ఎక్కడ బ్రేకు వేయకూడదో అక్కడ వేయక, ఎక్కడ శరీరాన్ని వంచి నేల వాలును వేగంగా మార్చుకొనవచ్చునో అక్కడ మార్చుకొని, చైను ఉన్నవారినందరిని మించి పందెం గెలిచినాడు. దిగడమంటే ఊరక కూర్చుండి జారిపోవడమని అనుకొనేవారికి ఇది చాలిన సమాధానం. వేగాన్ని పుట్టించడం ఒక విద్య. పుట్టిన వేగాన్ని పోగొట్టుకొనకపోవడం మరొక విద్య. 2016లో బ్రిటనుకు చెందిన రేచెల్ అథర్టన్ ఆ ఏటి ప్రపంచకప్ పందెములు ఏడింటిని, ప్రపంచ బిరుదును కూడ గెలిచి, ఈ రెండవ విద్యలో తనకు సాటి లేదనిపించినది.

ఫ్రీరైడ్

గడియారంతో పనిలేని శైలులు కొన్ని ఉన్నవి. వాటిలో ప్రసిద్ధమైనది ఫ్రీరైడ్. కెనడాలో వాంకూవర్ నగరానికి ఉత్తరాన ఉన్న కొండలలో ఎడతెగని వానలు. నేల నిండ బురద, చెట్టువేర్లు, కూలిన మహావృక్షాలు. అక్కడి యువకులు 1990లలో ఆ బురదమీదుగా కర్రలతో నిచ్చెనవంటి వంతెనలు కట్టుకొని, కూలిన మానులమీదుగా సైకిళ్ళు నడపడం అలవాటు చేసికొన్నారు. అవసరంకొరకు కట్టిన వంతెన క్రమంగా సాహసంకొరకు కట్టిన వంతెన అయినది. వెడల్పు తగ్గినది, ఎత్తు పెరిగినది. ఎవరు ముందు చేరినారన్నది కాక, ఎవరు ఎట్టి దారిని ఊహించినారన్నది అక్కడ గొప్ప.

ఈ ఊహ తీవ్రరూపం దాల్చినది అమెరికాలోని యూటా రాష్ట్రంలో. వర్జిన్ అనే ఊరి పక్కన ఎర్రని ఇసుకరాతి కొండలలో 2001లో రెడ్‌బుల్ ర్యాంపేజ్ అనే పోటీ మొదలైనది. ప్రథమ విజేత కెనడావాడు వేడ్ సిమన్స్. పోటీదారులు ముందుగా పారలు, గునపాలు పట్టి తమ దారిని తామే చెక్కుకొంటారు. పిదప ఆ నిలువు చరియల వెంట దిగుతూ, గాలిలోకి ఎగిరి, పల్టీలు కొట్టి వస్తారు. ప్రమాదం మితిమీరినదని 2004 తరువాత కొన్నేండ్లు ఆపివేసి, 2008లో తిరిగి ప్రారంభించినారు. 2024లో మొదటిసారి స్త్రీలకు ప్రత్యేక పోటీ జరుగగా న్యూజిలండుకు చెందిన రాబిన్ గూమ్స్ గెలిచినది.

ఈ వైభవానికి చెల్లించిన మూల్యం కూడ చెప్పవలెను. అమెరికావాడైన పాల్ బసగోయిటియా 2004లో పిన్నవయస్సులోనే, ఎరువు తెచ్చుకొన్న సైకిలుతో విస్లర్‌లో జరిగిన క్రాంక్‌వర్క్స్ పోటీ గెలిచి అందరిని ఆశ్చర్యపరచినాడు. 2015 ర్యాంపేజ్‌లో పడి వెన్నెముక విరిగి, నడుము కింది భాగంలో స్పర్శ కోల్పోయినాడు. ఆ తరువాత అతడు తిరిగి లేచి నిలబడడానికి పడిన ప్రయాసను చూపే చిత్రం 2019లో విడుదలైనది. ఎక్కిన శ్రమ లేకుండా దిగిన ఆనందం ఉచితంగా వచ్చినదని అనుకోరాదు. ఎక్కేవాడు చెమటతో చెల్లించేదానిని దిగేవాడు భయంతో చెల్లిస్తాడు. ఒక్కొక్కప్పుడు దేహంతోనే చెల్లిస్తాడు.

ట్రయల్స్, డర్ట్ జంప్

కొండనంతా విడిచి ఒక్క బండను, ఒక్క దిబ్బను ఎన్నుకొన్న శైలులు ఈ రెండు. డర్ట్ జంప్ వారు మట్టిదిబ్బలు వరుసగా పోసికొని, ఒకదానినుండి మరొకదానికి ఎగురుతారు. వారి సైకిలు చిన్నది, గట్టిది. సీటు బాగా కిందికి దించి ఉంటుంది. ట్రయల్స్ వారికి వేగంతోను పని లేదు. ఈ విద్య మోటారు సైకిళ్ళ క్రీడనుండి వచ్చినది. సైకిలుకు అసలు సీటే ఉండకపోవచ్చును. రెండు బ్రేకులు బిగించి, వెనుక చక్రంమీద నిలిచి, కప్పవలె బండనుండి బండకు దూకుతారు. కాలు నేలకు తాకడం తప్పుగా ఎంచబడుతుంది. చూచేవారికి చక్రం ఉన్నది దొర్లడానికి అన్న సంగతే మరపునకు వస్తుంది.

ఈ విద్యను లోకానికి చాటినవాడు స్కాట్లండులోని స్కై దీవిలో పుట్టిన డానీ మకాస్కిల్. 2009 ఏప్రిలులో ఎడింబరో వీధులలోని గోడలమీద, ఇనుప కంచెల మొనలమీద అతడు సైకిలు నడిపిన చిత్రం ఇంటర్నెట్టులో వెలువడి లక్షలాది జనాన్ని ఆకర్షించినది. అతనికి మిత్రుడు, ఇంగ్లండులో ఈ విద్యకు పెద్ద అయిన మార్టిన్ ఆష్టన్ 2013లో ఒక ప్రదర్శనలో పడి కాళ్ళు పడిపోయినవాడైనాడు. రెండేండ్ల తరువాత ఆయన ప్రత్యేకమైన సీటు అమర్చిన సైకిలుమీద తిరిగి కొండదారిలో దిగినాడు. బయలుదేరేటప్పుడు తోసి, ఆగేచోట పట్టుకొని, వెంట నిలిచినవారు మకాస్కిల్ మొదలైన స్నేహితులు. తొక్కే శక్తి లేనివానికి కొండ తానే చలనమిచ్చినది. దిగడమనే విద్యను తేలికగా చూచేవారు ఆలోచింపవలసిన విషయమిది.

తిరిగి కలిసిన దారి

ఇన్ని విధాలుగా చీలిన తరువాత పాత సంబంధంమీద మమకారం కలగడం సహజం. ఎండ్యూరో అనే శైలి ఆ మమకారంలోనుండి వచ్చినది. దీనికి రూపమిచ్చినది ముఖ్యంగా ఫ్రాన్సు, ఇటలీ దేశాలు. ప్రపంచస్థాయి పందెముల వరుస 2013లో ప్రారంభమైనది. నియమం సులభం. దిగేదారులలో కాలం లెక్కిస్తారు, ఎక్కేదారులలో లెక్కింపరు. కాని ఎక్కవలసినది ఎవరికి వారే, అదే సైకిలుమీద. నిర్ణీత సమయానికి పైకి చేరకపోతే శిక్ష ఉన్నది. పూటంతా పర్వతాలలో తిరిగి అలసిన కాళ్ళతో, వణికే చేతులతో ఆఖరి దిగుడు దిగవలెను. బ్రిటనుకు చెందిన ట్రేసీ మోస్లీ 2010లో డౌన్‌హిల్‌లో ప్రపంచ విజేత; తరువాత ఎండ్యూరోకు మారి 2013, 2014, 2015 సంవత్సరాలలో వరుసగా ఆ బిరుదు గెలిచినది. దిగడం నేర్చినవారు ఎక్కడం కూడ నేర్వగలరని ఆమె జీవితం చెబుతున్నది.

ఈ కలయికకు యంత్రం కూడ తోడ్పడినది. హ్యాండిలుమీది మీట నొక్కితే సీటు కిందికి దిగి, మరల నొక్కితే పైకి లేచే కంబం ఒకటి వాడుకలోకి వచ్చినది. ఎక్కేటప్పుడు ఎత్తు సీటు, దిగేటప్పుడు పల్లపు సీటు. ఇరువదేండ్ల తగవును తీర్చిన పెద్దమనిషి ఒక చిన్న మీట! పందెముల జోలికి పోకుండా సెలవునాడు అడవిదారిలో తిరిగివచ్చే సామాన్యులు నడిపే సైకిలు కూడ ఇటువంటిదే. వారి శైలికి ట్రెయిల్ అని పేరు, అనగా బాట. వేరే బిరుదేమియు లేదు.

ఇటీవల విద్యుత్ మోటారు అమర్చిన సైకిళ్ళు వచ్చి పాత ప్రశ్నను మళ్ళీ లేవదీసినవి. తొక్కేవాని బలానికి మోటారు బలం తోడై, ఎక్కుడు సగం శ్రమతో తీరుతున్నది. 2019 నుండి వీటికి కూడ ప్రపంచ పోటీలు జరుగుతున్నవి. శ్రమలేని ఎక్కుడు ఎక్కుడేనా అని కొందరు ఆక్షేపిస్తారు. మోకాళ్ళ నొప్పులవల్ల కొండకు దూరమైన పెద్దలు తిరిగి కొండను చూడగలుగుతున్నారని మరికొందరి సమాధానం. ఇరువురి మాటలోను సత్యమున్నది.

దారి ఎవరిది?

శైలులు ఎన్ని అయినా కింద ఉన్న నేల ఒకటే. అసలు చిక్కు అక్కడ ఉన్నది. కొండదారిలో నడిచేవారు ఉన్నారు. గుఱ్ఱాలమీద వచ్చేవారు ఉన్నారు. మలుపు తిరగగానే వేగంగా ఎదురయ్యే సైకిలు వారికి భయకారణం. ఏ టమాల్పైస్ పర్వతం ఈ క్రీడకు జన్మభూమి అయినదో, ఆ పర్వతంమీదనే 1980లలో ఇరుకు కాలిబాటలలోకి సైకిళ్ళు రాకూడదని ఆంక్షలు వచ్చినవి; వెడల్పు బాటలలో గంటకు 15 మైళ్ళ వేగం మించరాదన్నారు. 1984లో అమెరికా అటవీశాఖవారు తమ రక్షిత వనాలలో సైకిళ్ళను పూర్తిగా నిషేధించినారు. బ్రిటనులో మరొక మార్గం తొక్కినారు. ఇంగ్లండు, వేల్సులలో 1968నాటి చట్టం గుఱ్ఱపుబాటలలో సైకిళ్ళను అనుమతించి, నడిచేవారికి, రౌతులకు దారి ఇవ్వవలెనని షరతు పెట్టినది. స్కాట్లండులో 2003లో చేసిన చట్టం బాధ్యతతో మెలిగేవారికి అత్యధిక భూభాగంలో సంచరించే హక్కు ప్రసాదించినది.

నిషేధించినవారిది కేవలం ద్వేషమని చెప్పరాదు. బ్రేకు బిగించి వెనుక చక్రాన్ని ఈడ్చుకొంటూ దిగినవాడు నేలమీద ఒక చాలు తీస్తాడు. వాన వచ్చినప్పుడు నీరు ఆ చాలు వెంట పారుతుంది. చాలు గండి అవుతుంది. గండి దారిని మింగుతుంది. దారి వేయడం తెలిసినవారు బాటను లోయవైపునకు కొద్దిగా వాల్చి వేస్తారు. అప్పుడు నీరు దారివెంట పరుగెత్తక, అడ్డంగా దాటి జారిపోతుంది. ఈ చిన్న సూత్రం తెలియక పాడైన కొండదారులు అనేకం. 1988లో కాలిఫోర్నియాలోని సైకిలు సంఘాలు కొన్ని కలిసి అంతర్జాతీయ సంఘంగా ఏర్పడినప్పుడు పందెములకంటె ముందు ఈ విషయాలనే పట్టించుకొన్నవి: ఎదుటివారికి దారి ఇవ్వడం, తడినేలను చెరపకపోవడం, చెడిన దారిని బాగుచేయడం.

ఏ శైలి గొప్పది అన్న చర్చ ఈ క్రీడాకారులలో ఎప్పుడూ ఉన్నదే. ఎక్కేవాడు దిగేవానిని సోమరి అంటాడు. దిగేవాడు ఎక్కేవానిని పిరికి అంటాడు. బండమీద నిలిచినవాడు ఇద్దరిని చూచి నవ్వుతాడు. ఓర్పును పరీక్షించే శైలి ఒకటి, తెగువను పరీక్షించేది ఒకటి, నిలుకడను పరీక్షించేది మరొకటి. ఒకదానితో ఒకటి పోల్చి తూచడానికి ఇవి ఒకే జాతి గుణములు కావు. కాని అన్ని శైలులవారికీ సమానమైన పరీక్ష ఒకటి ఉన్నది. తాను పోయిన తరువాత ఆ దారి మరొకనికి దారిగా మిగిలినదా అన్నదే ఆ పరీక్ష. దానికి పతకములు లేవు, గడియారాలు లేవు. నేడు పెక్కుదేశాలలో వాన వెలిసిన తరువాత, సైకిలు ఇంటివద్ద వదలి, పార భుజాన వేసికొని కొండకు పోయి కాలువలు సరిచేసి వచ్చేవారు ఉన్నారు. వారిలో ఎక్కేవారు ఉన్నారు, దిగేవారు ఉన్నారు, ఎగిరేవారు ఉన్నారు. ఆ పూట మాత్రం అందరిదీ ఒకే శైలి.